నా కడుపులోని గీతలు

నేను ఒక బస్సు స్టీరింగుకు బలమిచ్చిన పంపును. ఇంజను బెల్టు నన్ను తిప్పేది. నాలోని పలుచని ఉక్కు రెక్కలు నూనెను ఒత్తి, గొట్టం గుండా స్టీరింగు పెట్టెలోకి తోసేవి. డ్రైవరు చక్రాన్ని కాస్త తిప్పగానే అక్కడి కవాటం తెరుచుకొని, ఆ నూనె పిస్టనును నెట్టేది. అంత బరువునూ తమ చేతులే తిప్పాయని మనుషులు మురిసిపోతారు. నేనెన్నడూ కాదనలేదు.

ఘాట్ రోడ్డు మీద ఆ బస్సు నడిపిన ఇన్నయ్య మాత్రం అలా మురిసిపోయేవాడు కాడు. రోజూ పొద్దున్నే మూత తీసి నూనె చూసుకున్నాకే తాళం తిప్పేవాడు. గొట్టం పగిలి నూనె కారడం అతని కంటే ముందు ఎవరూ చూడలేదు.

"పట్టాభిగారూ, గొట్టం మార్పించండి. మలుపుల్లో స్టీరింగ్ పట్టేస్తోంది."

మేనేజరు పట్టాభి నవ్వాడు. "మీ నాన్న లారీకి పవర్ స్టీరింగ్ ఉండేదేంటోయ్? నూనె పోసుకుని పో. నువ్వు ఎక్కనంటే ఎక్కేవాళ్లు గేటు దగ్గర కాచుకునున్నారు."

గొట్టానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించారు. పొద్దున పోసిన నూనె మధ్యాహ్నానికి రోడ్డు పాలయ్యేది. నెల రోజులు అలా ఎండిపోతూ తిరిగాను. నా రెక్కలు నా గోడలనే గీరాయి.

ఒకనాటి మిట్టమధ్యాహ్నం, దిగుడు మలుపులో ఆ గొట్టం తెగింది. చక్రం బండరాయిలా బిగుసుకుపోయింది. ఇన్నయ్య సీట్లోంచి లేచి, రెండు చేతులతో వేలాడి లాగాడు. బస్సు సగమే తిరిగి పిట్టగోడను గుద్దింది. ఇద్దరు ప్రయాణికులు చనిపోయారు.

తనిఖీ అధికారి రాకముందే పట్టాభి కొత్త గొట్టం వేయించి, నూనె నిండుగా పోయించాడు. "స్టీరింగు సక్రమంగా ఉంది" అని అధికారి రాసుకున్నాడు. నలిగి, మట్టి కొట్టుకుపోయిన ఇంజను పక్కన ఆ ఒక్క గొట్టం మాత్రమే ఎందుకు మెరుస్తోందని ఆయన అడగలేదు. నన్ను విప్పి చూడనూ లేదు.

"స్టీరింగ్ తిరగలేదయ్యా" అని ఇన్నయ్య కోర్టులో ఎన్నిసార్లు మొత్తుకున్నా, నేరం అతని అజాగ్రత్తదే అయింది. జైల్లో అతనికిది రెండో ఏడు.

ఈ ఉదయం పాత ఇనుము దుకాణంలో పనిచేసే పైడితల్లి సుత్తితో నన్ను పగలగొట్టింది. లోపలికి ఒక్కసారి చూసి, పక్కనున్న ఆమెతో అంది:

"ఓలమ్మ, ఈ గీతలు సూడే. నూనె లేకుండానే తిప్పీసినారు."

అని, నన్ను ఇనుము కుప్పలోకి విసిరేసింది.