మా ఆవిడకి వచ్చిన మెసేజ్‌లు

మా బావమరిది మైకు మీద నాకు పీకల దాకా కోపం ఉండేది. గట్టిగా అరిచి మాట్లాడతాడని చిన్నప్పుడే ఆ పేరు పెట్టారు. నాలుగు అక్షరాలు ఎక్కువ చదివాడు. బట్టలు సరిచేయించుకునేవాళ్లనీ, కుట్టేవాళ్లనీ కలిపే యాప్ ఒకటి తయారుచేశాడు. ఎనిమిదిలో బడి మానేసిన నాకు దాని లోగుట్టు తెలియదు కానీ, మా ఆవిడకి పని బాగానే దొరికేది. ఫొటో, కొలతలు ఫోన్‌కి వచ్చేవి. ఆవిడ కుట్టి పంపేది.

అంతలో ఆ మహానుభావుడు యాప్‌లో కాల్ పెట్టాడు. కుట్టే ముందు కస్టమర్ ఫోన్ చేస్తాడు. ఎత్తకపోతే మన పేరు జాబితా అడుక్కి జారిపోతుంది. మా ఆవిడకి పసితనంలో జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట్లాడుతుంది. ఫోన్‌కి పెదవులెక్కడివి? నేనేమో పగలంతా లారీ మీద ఉంటాను. పని పూర్తిగా తగ్గిపోయింది. ఒకరోజు మిషను మీద దుప్పటి కప్పేసి, "ఇంక మానేస్తానండీ" అంది.

నేరుగా వాడి ఆఫీసుకి వెళ్లాను.

"తోడబుట్టినదాని కడుపు కొట్టి ఏం బాగుపడతావురా?"

"మెల్లగా బావా, లోపల జనం ఉన్నారు."

"నువ్వా నాకు మెల్లగా అని చెప్పేది? మీ అక్క ఫోన్ ఎలా ఎత్తుతుందిరా?"

వాడు నెత్తి మీద ఒక్కటి వేసుకున్నాడు.

"అక్కకి వినపడదు కదూ! ఒట్టు బావా, గుర్తే రాలేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ అక్కతో పోట్లాడుతూనే ఉన్నాను. ఒక్క మాటకైనా జవాబు బాకీ ఉంచిందా?"

నిజానికి నేనే ఎన్నోసార్లు వంటింట్లోంచి కేకేసి, జవాబు కోసం నిలబడ్డాను.

వారం తిరక్కుండా కాల్ బటన్ పక్కన మెసేజ్ బటన్ పెట్టాడు. మాట్లాడాలా, రాయాలా అన్నది కుట్టేవాళ్ల ఇష్టం. మెసేజ్ వస్తే ఫోన్ వణుకుతుంది. మిషను బల్ల మీద పెడితే ఆవిడ చేతికి తెలుస్తుంది.

లారీకి సెలవైన రోజున మొదటి మెసేజ్ ఒకావిడ పంపింది. జాకెట్టు చేతులు పొట్టిగా కావాలట, ఎంత పొట్టిగానో చెప్పడం తెలియదట. "ఎంతవరకో అక్కడ వేలు పెట్టి ఫొటో తీయండమ్మా" అని మా ఆవిడ రాసింది. నేను అది కూడబలుక్కుని చదివేలోపు ఇద్దరూ నాలుగేసి పంపుకున్నారు. ఉన్నట్టుండి మా ఆవిడ పగలబడి నవ్వింది.

"ఏమందే?"

"మీకెందుకండీ, ఆడవాళ్ల మాటలు!"

ఇన్నేళ్లలో ఫోన్‌లో వచ్చిన ప్రతి మాటా నా నోటి మీదుగానే ఆవిడకి చేరింది. ఆ రోజు నన్ను దాటుకుని వెళ్లింది. బతికించావు దేవుడా అనుకున్నాను.

సాయంత్రం మైకుకి ఫోన్ చేశాను.

"చల్లగా ఉండరా."

"ఎవరండీ మాట్లాడేది? మా బావ ఫోన్ ఎక్కడైనా దొరికిందా?" అన్నాడు వెధవ.

వాణ్ణి తిట్టడానికి ఇప్పుడు నోరు రావడం లేదు, అదొక్కటే లోటు. పని పెరిగి రెండో మిషను వచ్చింది. నా మంచం వరండాలోకి నడిచింది. మైకు ధర్మమా అని నేను పోగొట్టుకున్నది ముందు గది: పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు.