టీలో చిటికెడు

డాక్టరమ్మ కాగితం మీది ఒక అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టింది. ఎదురుగా కూర్చున్న గడియారాల మెకానిక్‌కి గుండెల్లో రాయి పడింది.

"గడ్డ బాగా తగ్గుతోందమ్మా. మాత్రలు పనిచేస్తున్నాయి," అందావిడ, అతని భార్యతో. "కానీ కాలేయం దెబ్బతింటోంది. పోయిన నెల బాగానే ఉంది. ఇప్పుడు ఈ అంకె ఉండాల్సినదానికి నాలుగింతలుంది. ఇలాగైతే ఈ మాత్రలు ఆపేయాలి. వేరేవి ఉన్నాయి గానీ, ఇంత బాగా పనిచేస్తాయని మాట ఇవ్వలేను."

భార్య లెక్కల టీచరు. అంకెలంటే జడిసే మనిషి కాదు. కాగితాన్ని తనవైపు తిప్పుకుని రెండుసార్లు చూసింది. ఆమె మొహం పాలిపోయింది.

"ఇంకేమైనా వాడుతున్నారా? పొడులు, కషాయాలు, ఆకురసాలు, బలానికని ఏదైనా?"

"లేదండీ. మొదటి రోజే మీరు వద్దన్నారు కదా. ఎవరేం తెచ్చినా గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తున్నాను. కావాలంటే ఈయన్నే అడగండి."

ఈయన కుక్కిన పేనులా కూర్చున్నాడు.

పొడి అతని అక్క ఇచ్చింది. దాంతో ఎవరికో నయమైందట. ఆ ఎవరో ఎవరో ఆవిడకీ తెలియదు. పేరూ ఊరూ లేని సీసా చేతిలో పెట్టి, "మీ ఆవిడకి చెప్పకురా, సవాలక్ష ప్రశ్నలేస్తుంది," అంది. మనవాడేం తెలివితక్కువవాడు కాదు. ఎక్కడిదో తెలియని చక్రాన్ని ఒక్క గడియారంలోనూ బిగించడు. అలాంటివాడు ఏముందో తెలియని పొడిని నెల్లాళ్లుగా కట్టుకున్నదాని కడుపులోకి పంపాడు. రోజూ పొద్దున్నే తనే టీ పెట్టి, అల్లం దట్టించి, చిటికెడు కలిపేవాడు. ఆకే కదా, మేలు చేయకపోతే కీడు మాత్రం చేయదుగా అనుకున్నాడు. ఆమె కళ్లముందే చిక్కి సగమైపోతుంటే చేతులు ముడుచుకుని కూర్చోలేకపోయాడు. భయానికి చేయడానికో పని కావాలి, అది దొరికింది.

"అయితే మార్చేద్దాం," అంటూ డాక్టరమ్మ కొత్త చీటీ తీసింది.

అతను మనసులో లెక్క వేసుకున్నాడు. ఇంటికెళ్లగానే సీసా పారబోస్తే సరి, వచ్చే నెలకి అంకె దానంతటదే దిగుతుంది, ఎవరికీ తెలియదు. కానీ అప్పటికి ఆ మాత్రలే ఉండవు. ఆమెను నిలబెడుతున్నవి అవే. డాక్టరమ్మ మొదటి వరుస రాయడం మొదలుపెట్టింది.

"నేను కలిపానండీ," అన్నాడు. "పొడి. టీలో. ఈమెకి తెలియదు."

పెన్ను ఆగింది.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బావుండేది. ఎన్నాళ్లుగా, ఎంతెంత, ఎక్కడిది అని అడిగి రాసుకుంది. "దానివల్లేనని ఇప్పుడే చెప్పలేను. కానీ మొక్కలోంచి వచ్చినా మందు మందే. కాలేయాన్ని దెబ్బతీయొచ్చు, మన మాత్రలతో పొసగకపోవచ్చు. ఆ సీసా తెచ్చివ్వండి. పొడీ, మాత్రలూ రెండూ ఆపి, రెండు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేద్దాం. అంతవరకు ఈ మాత్రలు మార్చను."

మెట్ల దగ్గర ఆమె ఆగింది.

"టీ చేదుగా ఉందని ఎన్నిసార్లు చెప్పాను? మీరేమో మాత్రలకి నోరు చేదెక్కిందన్నారు. నేను నా నాలుకనే అనుమానించుకున్నానండీ."

అతనికి క్షమించమని అడిగే మొహం లేదు.

ఆ రెండు వారాలూ అతను దుకాణంలో ఒకే గడియారాన్ని మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాడు. మాత్రలు లేని రోజుల్లో గడ్డ మళ్లీ పెరుగుతుందేమోనని ఒకటే గుబులు. ఆమె అవసరమైనంతే మాట్లాడింది.

అంకె దిగింది. పూర్తిగా కాదు గానీ, చాలినంత.

"మళ్లీ మొదలుపెడదాం. వారం వారం పరీక్ష మాత్రం తప్పదు," అంది డాక్టరమ్మ. "మొదటిది ఇక్కడే వేసుకోండి."

అతని ప్రాణం లేచొచ్చింది. ఒక్క అంగలో వరండాలోకి వెళ్లి గ్లాసు నిండా నీళ్లు పట్టుకొచ్చి ఆమెకందించాడు. ఆమె ఒక చేతిలో మాత్ర పట్టుకుని గ్లాసులోకి చూసింది.

"ముందు మీరు తాగండి," అంది.

గొంతులో కోపం లేదు. డాక్టరమ్మ తలొంచుకుని కాగితాలు సర్దుకుంటోంది. అతను రెండు గుక్కలు తాగి గ్లాసు చాచాడు. ఆమె అతని మొహంలోకి కాసేపు చూసి, గ్లాసు అందుకుని మాత్ర వేసుకుంది.