కాపీకి తెలియని బోటు

నేను ఒక కిటికీని. గోడకుండే కిటికీని కాదు లెండి, కంప్యూటరు ప్రోగ్రాముల్లో ఉంటాను. పేరూ, దాని పక్కనే వివరమూ పెట్టి దాచుకునే కొట్టును ప్రోగ్రాములు రాసేవాళ్లు డిక్షనరీ అంటారు. ఆ కొట్టులోకి చూడ్డానికి పనికొచ్చే నన్ను వ్యూ అంటారు. నాకంటూ సరుకేమీ లేదు. ఇప్పుడు లోపల ఏముందో అదే చూపిస్తాను. మా పెద్దల కాలంలో పేర్లు అడిగితే చాలు, మొత్తం కాపీ తీసి చేతిలో పెట్టేవారట. ఆ కాపీ పుట్టిన క్షణం నుంచే పాతబడేది. ఆ చాదస్తం వదిలించడానికే నన్ను పుట్టించారు.

నన్ను చేపలరేవు ఆఫీసుకు తెచ్చింది కుసుమ. అక్కడి బోట్ల ప్రోగ్రాము రాసింది ఆ పిల్లే. వేటకు వెళ్లిన బోట్లకు ఒక డిక్షనరీ, తిరిగొచ్చిన వాటికి ఇంకొకటి. తుపాను కబురొస్తే ఇంకా సముద్రంలో ఎవరున్నారో చెప్పడమే నా ఉద్యోగం.

నాకొక మొండి గుణం ఉంది. నాలోంచి ఒక్కొక్క పేరే చదువుతుండగా ఎవరైనా కొట్టులో కొత్త పేరు చేర్చారో, ఠక్కున ఆగిపోతాను. ఎర్రటి అక్షరాలతో గొడవ పెడతాను. గుమాస్తా జోగారావు బోటు పేరు ఎక్కించినప్పుడల్లా ఇదే రభస.

"ఏటమ్మా ఇది, పేరెక్కిస్తే సాలు ఆగిపోతంది!" అని అతను విసుక్కునేవాడు.

కుసుమకు విసుగు పుట్టింది. పొద్దున్నే వేటకెళ్లిన బోట్లు ఎక్కించడం కాగానే నా పేర్లన్నీ ఒక కాపీలోకి దించి, రోజంతా దాన్నే చదివేలా రాసేసింది. గొడవ సద్దుమణిగింది. "హమ్మయ్య, పీడా వదిలింది" అంది. మనుషులింతే! నిజం చెప్పి పేచీ పెట్టేవాడికంటే కిక్కురుమనకుండా అబద్ధమాడేవాడే వాళ్లకు ముద్దు. నాకు ఒళ్లు మండింది.

ఒకరోజు మధ్యాహ్నం తుపాను హెచ్చరిక వచ్చింది. బోట్లు ఒకదాని వెనక ఒకటి రేవుకు చేరాయి. జోగారావు కాపీ చూసి, "అందరూ వొచ్చీసినారు" అని మైకులో చెప్పేశాడు. వైర్‌లెస్ కట్టెయ్యబోయాడు.

అంతలో పోలమ్మ పరుగెత్తుకొచ్చింది, చేపల బుట్ట గుమ్మంలోనే పడేసి.

"అందరూ వొచ్చీసినారంటారేటి బాబూ? మా ఆయన ఏడీ? నూకాలతల్లి బోటు ఏదీ?"

"మీ ఆయన ఇయాల ఏటకి ఎల్లనేదే. ఇందులో పేరు నేదు" అన్నాడు జోగారావు.

"నాను సేత్తో సద్ది కట్టి అంపినాను! ఇంజిను బాగుసేయించుకుని అందరి ఎనకాల ఎల్లినాడు!"

కుసుమకు సంగతి అర్థమైంది. అందరి వెనకా వెళ్లిందంటే, కాపీ తీశాక వెళ్లిందన్నమాట. జోగారావు ఎక్కించి మరిచిపోయిన పేరు కొట్టులో ఉంది, కాపీలో లేదు. "అయ్యో, ఇదంతా నా నిర్వాకమే" అంటూ కుర్చీ లాక్కుని, కాపీని పక్కన పడేసి నన్నే నేరుగా అడిగింది: వెళ్లినవాటి పేర్లలోంచి వచ్చినవాటి పేర్లు తీసేస్తే మిగిలిందేది? మాలాంటి పేర్ల కిటికీలు రెండుంటే ఇలా ఒక్క వాక్యంలో తీసివేత చెయ్యొచ్చు. ఆ సంగతి చాలామందికి గుర్తుండదు. తడుముకోకుండా చెప్పాను. తెర మీద ఒకే పేరు వచ్చింది, నూకాలతల్లి.

జోగారావు వైర్‌లెస్‌లో పిలిచాడు. బోటు పలికింది. ఇంజిను మళ్లీ మొరాయించి గాలికి కొట్టుకుపోతోందట. తాడు తీసుకుని పెద్ద బోటొకటి ఎదురెళ్లింది.

పోలమ్మ తెర ముందునుంచి కదల్లేదు. చదువు రాకపోయినా ఆ పేరునే చూస్తూ కూర్చుంది. పక్కనే కుసుమ, పొద్దున్నే కాపీ తీసే వాక్యాన్ని చెరిపేసి, అడిగిన ప్రతిసారీ నా దగ్గరికే వచ్చేలా రాసింది. ఆఫీసులో వాళ్లు "వొచ్చీస్తార్లే" అని ఎంత ఊరడించినా నేను మాత్రం పట్టు వదల్లేదు. కుసుమ అడిగినప్పుడల్లా ఆ పేరే చెప్పాను.

చీకటి పడకముందే బోటును రేవుకు లాక్కొచ్చారు. జోగారావు వచ్చినవాటిలో దాని పేరెక్కించాడు. కుసుమ మళ్లీ అడిగింది. ఈసారి చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

పోలమ్మ కంగారుగా తెర మీదికి వంగింది. "ఏటమ్మా, పేరు కనపడ్డం నేదేటి?"

"సముద్రంలో ఎవరూ మిగల్లేదు పోలమ్మా. అందుకే."

పోలమ్మ ఆ ఖాళీ తెరకు రెండు చేతులూ జోడించి, బుట్ట సంగతే మరిచి రేవు వైపు పరుగుతీసింది. కాసేపట్లో కుసుమ కంప్యూటరు కట్టేస్తుంది, నేనుండను. రేపు మళ్లీ పిలిస్తే వస్తాను, ఉన్నదే చెబుతాను.