తడి ఆరేదాకా

గుడ్డను మళ్ళీ పిండి, కిటికీ వెలుగు పడేచోట నడవాను ఇంకోమారు రుద్దాడు. నేలను అద్దంలా తుడుస్తాడని ఆసుపత్రిలో అందరూ అతన్ని అద్దాలాయన అంటారు. చేరిననాటి నల్లమీసం నెరిసింది, మోకాళ్ళు కాయలు కాశాయి. అసలు పేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ఇవాళ ఒళ్ళు దాచుకోకుండా తుడుస్తున్నాడు. ఎందుకు తుడవడూ? ఎదురుగా వార్డులో ఉన్నది వాళ్ళక్క మరి. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన మనిషి, ఆయాసంతో మంచం పట్టింది. పొద్దున తమ్ముణ్ణి చూడగానే వేళాకోళమాడింది.

"ఆ నేలకేం జబ్బు చేసిందిరా, అంతలా రుద్దుతున్నావు?"

"నువ్వు ఇంటికి నడిచెళ్ళే దారి కదక్కా."

మందులు మోస్తూ తనంతట తానే తిరిగే మరబండిని నర్సులు కొత్తకోడలంటారు; ఎవరెదురొచ్చినా ఒదిగి నిలబడుతుంది. పాదాల ఎత్తున దానికో కన్ను. వెలుగును విసిరి, తిరిగొచ్చినదాన్నిబట్టి గోడేదో మనిషేదో పోల్చుకుంటుందట. తడినేల మీద ఆ వెలుగు జారిపోయి తిరిగిరాదు. దానికక్కడ గొయ్యి ఉన్నట్టే. అందుకే అది వెళ్ళాకే అతను తుడిచేవాడు. అయితే అక్కకు ఉన్నట్టుండి ఊపిరి అందలేదు. నర్సు మందుకు కబురంపింది. బండి వేళకాని వేళ బయల్దేరి, తడి అంచున ఆగిపోయింది.

"గొయ్యి కాదు తల్లీ, నీళ్ళే. రా," అన్నాడు.

నెట్టాడు. ఆగితే చక్రాలు బిగుసుకుపోతాయి; మొండికేసిన ఎద్దు నయం. దాని మందులపెట్టె నర్సు వేలిముద్రకు తప్ప తెరుచుకోదు, ఆమె రెండు చేతులూ అక్క గుండెను నొక్కుతూనే ఉన్నాయి. మందేదని లోపల్నించి అడుగుతూనే ఉంది. అతను చొక్కా విప్పి, తాను మెరిపించిన నేలనంతా మోకాళ్ళ మీద పాకుతూ పొడిగా తుడిచాడు. అప్పుడు కదిలింది బండి, తన నడక తనదే అన్నట్టు. పక్కనే అతనూ పాకాడు.

మంచం దగ్గరకు చేరేసరికి నర్సు చేతులు తీసేసి పక్కకు జరిగింది.

"నేల ఆరిందమ్మా. ఇంకోసారి చూడండి," అన్నాడతను.

నర్సు అతని చొక్కాలేని భుజం మీద చెయ్యి వేసింది.

సాయంత్రం అక్కను ముఖం మీదుగా దుప్పటి కప్పి తీసుకెళ్ళారు. పక్క మంచానికి మందులు తెచ్చిన బండి, దారిలో ఎవరో నిలబడ్డారనుకుని ఒదిగి ఆగింది. ఎదురుగా ఉన్నవి అక్క చెప్పులు. ఒకదాని మడమ అరిగింది, రెండోదాని పట్టీకి నల్లదారం కుట్టు.