నెస్టర్ ఎక్కిన హెలికాప్టర్

ఏవయ్యా కర్టిస్ అల్లుడూ! మన సేవా క్లబ్బులో చేరి మూడు వారాలైంది, ఒంటి మీద క్లబ్బు చొక్కా తళతళా మెరుస్తోంది గానీ, పిండి బిళ్లలో దుంపముద్ద పెట్టి మడిచి ఒక్క పెరోగీ అంచు సరిగా నొక్కడం రాలేదు నీకు. నువ్వు చేసినవి వేడినీళ్లలో పడగానే నోళ్లు తెరుస్తున్నాయి, అచ్చం మా అమ్మాయి ముందు నువ్వు తెరిచినట్టే. ఇటురా, ఈ బంగాళదుంప ముద్ద ముందేసుకుని కూర్చో. నెస్టర్ మైకు పట్టుకుంటే నేనెందుకు పళ్లు కొరుకుతానని అడిగావుగా, చెబుతా.

ఇక్కడ ఎవడి చెయ్యి కోతమిషన్లో పడ్డా, ఎవడి గుండె పట్టేసినా, పెద్దాసుపత్రి రెండొందల కిలోమీటర్లు. హెలికాప్టర్ వస్తేనే ప్రాణం. అదేమో జనం ఇచ్చే చందాలతో ఎగురుతుంది. అందుకే ప్రతి అక్టోబరులో మన క్లబ్బు పెరోగీల విందు పెడుతుంది. పదిహేడేళ్లు ఆ విందులో మైకు నాది. నేను నవ్వించాలి, నేను ఏడిపించాలి, జనం చందా వెయ్యాలి. వేదిక దిగి వస్తుంటే ముసలమ్మలు నా బుగ్గలు గిల్లేవాళ్లు. ఆ ఒక్క సాయంత్రం కోసమే ఏడాదంతా ఆవుల్ని మేపేవాణ్ని. నవ్వకు.

ఆ తరవాత ఒక ఆగస్టులో నెస్టర్ గాడు ఇనుప గాదె నిచ్చెన మీంచి జారి పడ్డాడు. తుంటి విరిగింది, తలకి దెబ్బ. హెలికాప్టర్ వాడి చేలోనే దిగింది. దుమ్ములో నిలబడి చూస్తున్నా. వాడు బతకాలని దణ్ణం పెట్టుకున్నాను, నిజం. కానీ అది పైకి లేవగానే లోపల ఇంకో మాట పుట్టింది. పదిహేడేళ్లు పిండి పిసికింది నేను, ఎక్కింది వీడా?

మూడో రోజు చూడ్డానికి వెళ్లాను. మంచంలో కట్లతో పడున్నాడు.

“ఒరేయ్ ప్రోకోప్, హెలికాప్టర్ లో వచ్చానటగా! ఒక్క ముక్క గుర్తులేదురా,” అన్నాడు బాధగా.

నా నోరు ఊరుకుంటుందా? “గుర్తులేదా! దారంతా పెళ్లి పాటలు పాడావట కదరా. నర్సు చెప్పింది. నా ఆవుల్ని లెక్కపెట్టుకోవాలి, వెనక్కి తిప్పమని పైలట్ తో పోట్లాడావట. పాపం, అతను ఒక చుట్టు తిప్పాడట కూడా!”

“నిజంగానా?” కళ్లు ఇంతింత చేశాడు.

“మా ఆవిడ మీద ఒట్టు,” అన్నాను.

రెండు రోజులు నవ్వుకుందామనుకున్నా. అక్టోబరులో ఏమైందో తెలుసా? ఎగిరొచ్చినవాడే మాట్లాడాలని క్లబ్బువాళ్లు మైకు వాడి చేతిలో పెట్టారు. నన్ను వంటగదిలోకి తోశారు. వాడు కర్ర పట్టుకుని కుంటుకుంటూ వెళ్లి, నా అబద్ధాన్ని చెప్పాడు. పాటలు, పోట్లాట, ఆవులు, అన్నీ! మూడొందల మంది పొట్టలు పట్టుకుని నవ్వారు. వాడి బుగ్గలు గిల్లారు. మరుసటేడు ఇంకో చుట్టు కలిపాడు. చుట్టు కలిపిన కొద్దీ చందాలు పెరిగాయి.

హాల్లోకి తెరుచుకునే వంటగది కిటికీలోంచి చూస్తూ, పళ్లు కొరుకుతూ పిండిని గుద్దేవాణ్ని. కథ నాది, మైకు నాది, వాడిదల్లా విరిగిన తుంటి. ఒక్కోసారి ఆ తుంటి మీద కూడా కుళ్లుకున్నాను. బయటపెడదామంటే, దెబ్బతిన్న మనిషికి అబద్ధం చెప్పినవాణ్ని నేనే అయిపోతాను.

“ఏమయ్యా, నిచ్చెన ఎక్కి నువ్వూ పడకూడదూ?” అనేది మీ అత్త.

పోయిన అక్టోబరుకి ఆగలేకపోయాను. ఆ రోజు హెలికాప్టర్ లో నెస్టర్ పక్కనున్న నర్సమ్మని వెతికి విందుకి పిలిచాను. పేరు మేవిస్. నిజం ఆవిడే చెబితే నాకేం సంబంధం? వాడు కథ ముగించగానే, పిండి చేతులతోనే హాల్లోకి వెళ్లాను.

“అమ్మా మేవిస్, మీరే చెప్పండి. ఆ రోజు వీడు నిజంగా పాడాడా?”

ఆవిడ నెస్టర్ వైపు చూసింది. “చెప్పమ్మా, పరవాలేదు,” అన్నాడు వాడు.

“పాటా! మత్తుమందిచ్చి పడుకోబెట్టాం, కన్నే తెరవలేదు. నాలుగో రోజు చూడ్డానికి వెళ్లినప్పుడు ఆయనకీ అదే చెప్పానే,” అంది.

నాలుగో రోజా! అంటే నేను చెప్పొచ్చిన మర్నాడే!

నెస్టర్ పళ్లన్నీ బయటపెట్టాడు. “తెలుసురా ప్రోకోప్. తెలిసే చెప్పాను. ప్రతి ఏడూ మైకు పట్టుకునే ముందు బల్ల బల్లకీ తిరిగి, ఇది ప్రోకోప్ గాడి అబద్ధమే, నా కథ వినకండి, వంటగది కిటికీలో వాడి మొహం చూడండి అనేవాణ్ని. జనం చందా వేసింది ఆ మొహానికే. ఇంద, మైకు తీసుకో. ఇప్పుడు నువ్వు చెప్పు.”

మైకు చేతిలో ఉంది. మూడేళ్లుగా దానికోసమే చచ్చాను. అయినా వెనక్కి తిరిగి మైకు వాడికే ఇచ్చేశాను. హాలంతా విరగబడి నవ్వుతోంది. అందరిలోకీ వంటగది కిటికీకి దగ్గరగా, కుర్చీ వేదిక వైపు కాకుండా నా వైపు తిప్పుకుని, మూడేళ్లుగా అదే చోట కూర్చున్నది ఎవరనుకున్నావు?

మీ అత్త!