వెనక వరస

మామగారికి డెబ్బై ఏళ్ళు నిండుతున్నాయని ఆదివారం అందరూ స్టూడియోకి వెళ్ళి ఫొటో దిగాలని నిర్ణయమైంది. ఎవరు ఏ రంగు బట్టలు వేసుకోవాలో ఆడపడుచు ఫోన్లో చెప్పింది. వాటిని ఎవరు ఇస్త్రీ చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ ఇంట్లో అది చెప్పాల్సినంత కొత్త సంగతి కాదు. బుధవారం సాయంత్రం కోడలు నాలుగో చొక్కా పరుస్తుండగా అత్తగారు సోఫాలోంచి మనవరాలిని ఎగాదిగా చూసింది. "ఇంకా తగ్గలేదేమిటే ఆ మొటిమలు? స్టూడియోవాడు ఆ మొహం చెరిపేసి కొత్తది గీస్తాడా ఏం?" అని తన వేళాకోళానికి తనే నవ్వుకుంది. భర్త ఫోన్లోంచి తలెత్తకుండానే అందుకున్నాడు. "మందుల షాపులో ఉద్యోగం కదా మీ కోడలికి. ఊళ్ళోవాళ్ళ మొహాలన్నీ బాగుచేస్తుంది." పదిహేనేళ్ళ పిల్ల అరచెయ్యి మెల్లగా చెంప మీదికి పోయింది.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అనలేదు. షాపులో ఆమె మాటంటే గురి. కాలేజీ ఆడపిల్లలు కౌంటర్ మీదికి వంగి, గొంతు తగ్గించి, "అక్కా, మొటిమలకి ఏం రాసుకోవాలి?" అని ఆమెనే అడుగుతారు. "శాలిసిలిక్ యాసిడ్, రెండు శాతం. మొదట్లో రోజు విడిచి రోజు రాయండి. మంటపుడితే ఆపెయ్యండి. ఎండలోకి సన్‌స్క్రీన్ లేకుండా వెళ్ళొద్దు. గిల్లొద్దు. నెలన్నర ఓపిక పట్టండి" అని ఆమె పాఠంలా అప్పజెప్తుంది. అదంతా ఎనిమిది గంటలు నిలబడే చెప్పాలి. స్టూలు అడిగితే ఓనరు, "వచ్చినవాళ్ళు నిలబడి, మనం కూర్చుంటే ఏం మర్యాదమ్మా?" అన్నాడు. ఆయన మాత్రం కూర్చునే అన్నాడు. ఆ మర్యాదకి ఆమె పాదాల్లో ఆనెకాయలు లేచాయి. వాటికి రాసేదీ ఆ యాసిడే, కాకపోతే పదిహేడు శాతం. గట్టిపడిన తోలును తినేసే మందు. ఆ చిన్న సీసా బాత్రూమ్ అరలో ఉంటుంది. పక్కనే కూతురి మొహానికి తను తెచ్చిన సీసా. అది వాడడం మొదలుపెట్టి మూడు వారాలైంది. నుదుటి మీద నాలుగు మొటిమలు ఎండాయి. ఆ నాలుగూ ఇంట్లో ఆమె కంటికి తప్ప ఇంకెవరికీ కనబడలేదు.

ఆ బుధవారం సాయంత్రమే ఇస్త్రీ చేసిన గౌను ఇవ్వడానికి ఆమె పిల్ల గదిలోకి వెళ్ళింది. ఆదివారం అత్తలూ బాబాయిలూ వాళ్ళ పిల్లలూ వస్తారు, తలా ఒక మాట అంటారు. వాళ్ళ నోట పడేకన్నా తనే ముందు కాస్త మెత్తగా చెబితే నయం కదా అనుకుంది. "ఫొటోలో నువ్వు వెనక వరసలో నిలబడు తల్లీ. పెద్దత్త వెనకాల. అంతగా కనబడవు" అంది. పిల్ల గౌను అందుకుని "సరే" అంది. ఏడవలేదు, అలగలేదు. పెళ్ళైన కొత్తలో ఒక ఫొటో దగ్గర అత్తగారు తననీ ఇలాగే, "నువ్వు కాస్త అటు పక్కకి ఉండమ్మా" అంది. పద్దెనిమిదేళ్ళైనా ఆ మాట ఇంకా కలుక్కుమంటూనే ఉంది. తను మాత్రం అలా కాదు, ప్రేమగా చెప్పింది.

శుక్రవారం షాపు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే గోళ్ళరంగులాంటి ఘాటు వాసన ముక్కుకి తగిలింది. అది తన పాదాల మందు వాసన. బాత్రూమ్ తలుపు తోసింది. పిల్ల రెండు సీసాల మీదా రాసి ఉన్నది చదివింది. రెండింటి మీదా ఒకటే పేరు. ఒకదాని మీద రెండు, ఇంకోదాని మీద పదిహేడు. ఫొటోకి మిగిలింది రెండు రోజులు. లెక్కల్లో ఎప్పుడూ ముందుండే పిల్ల. చెంపల మీద తోలు తెల్లగా పాలిపోయి, అంచులు ఎర్రగా పొంగి ఉన్నాయి. ఆమె పిల్ల తలని కుళాయి కింద పట్టుకుని ఇరవై నిమిషాలు నీళ్ళు పోసింది. నీళ్ళు తగిలినప్పుడల్లా పిల్ల పళ్ళు బిగబట్టింది. తర్వాత ఆస్పత్రికి పరుగెత్తారు.

పుళ్ళు మానతాయనీ, మచ్చల సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేననీ డాక్టరమ్మ అంది. కబురు తెలిసి ఆఫీసు నుంచి వచ్చిన భర్త వరండాలో నిలబడి, "ఏ సీసా ఎక్కడ పెట్టాలో తెలీని దానివి, నీకు మందుల షాపెందుకు?" అన్నాడు. అత్తగారు ఫోన్లో, "అయితే ఇప్పుడు ఫొటో వాయిదా వెయ్యాలా?" అంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఆమె మనసులో అత్తగారికి రెండు పిడికిళ్ళు, భర్తకి ఒకటి, కూర్చోనివ్వని ఓనరుకి కూడా ఒకటి పంచింది. పంచేకొద్దీ ఏడుపు కోపంగా మారి కాస్త ఊపిరాడింది.

పని మిగిలిపోయిందని భర్త ఆఫీసుకి తిరిగి వెళ్ళిపోయాడు. తల్లీ కూతుళ్ళిద్దరూ బస్సెక్కారు. చెంపలకి గాజుగుడ్డ కట్టుతో పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. ఆమె పిల్ల చెయ్యి పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"నాన్నమ్మ మాటలు పట్టించుకోవద్దని ఎన్నిసార్లు చెప్పానే నీకు?"

పిల్ల తల్లివైపు తిరిగింది. ఆ కళ్ళలో కోపం కూడా లేదు.

"నాన్నమ్మ మాటలు నేనెప్పుడు పట్టించుకున్నానమ్మా? ఆవిడ అందర్నీ అంటుంది. నువ్వు కూడా అన్నాకే నిజమనుకున్నా."