దీమం పిట్టకు మందు

నీళ్లు మరిగించి, మళ్లీ గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి. శేషమ్మ చిటికెడు ఉప్పు వేసి, వేలు ముంచి చూసుకుని, ఉడకబెట్టి ఆరేసిన పాతచీర ముక్కను అందులో తడిపింది. పొయ్యి మీద సంగటి ఎసరు పొంగుతోంది. గొడ్లకు కుడితి కలపనేలేదు. అవన్నీ తరవాత. ముందు కౌజు పిట్ట.

"ఏమే, ఇంకా కాలేదా?" వసారాలోంచి మొగుడు కొండయ్య కేకేశాడు. "నెత్తురు కనపడితే తతిమ్మా పిట్టలు పొడిచి చంపుతాయి. వేరే బుట్టలో పెట్టినావా లేదా?"

"పెట్టినా."

యర్రగొండపాలెం చుట్టుపక్కల కొండయ్య దీమం పిట్టకు సాటి లేదని పేరు. ఆ పిట్టను వెదురుబుట్టతో సహా అడవి అంచున పొదల్లో పెట్టి, చుట్టూ ఉచ్చులు పరిచి, మనిషి చాటున కూర్చుంటాడు. పిట్ట పిలుస్తుంది. తన జాతి గొంతు విని అడవి కౌజులు నమ్మి వస్తాయి. ఊళ్లో అందరూ కొండయ్యను మెచ్చుకుంటారు. పిట్టకు చెదపురుగులు ఏరుకొచ్చేదీ, రెట్టలు ఊడ్చేదీ, దెబ్బ తగిలితే బాగుచేసేదీ శేషమ్మ అని ఎవరికీ తెలియదు. తెలిసినా చెప్పుకోవాల్సిన సంగతిగా ఎవరికీ తోచదు.

పిట్టను గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. గట్టిగా పట్టుకోకూడదు, రొమ్ము నొక్కితే దానికి ఊపిరాడదు. నుదుటి మీద ఈకలు లేచిపోయి ఎర్రగా గీసుకుపోయింది. రెక్క కింద ఇంకో గీరు. తడిగుడ్డ మెల్లగా అదిమిపెట్టి, నెత్తురు ఆగాక తుడిచి, నీళ్లలో చాదిన పసుపు పలచగా పెట్టింది. నూనె తగలనివ్వకూడదు. నూనె తగిలితే ఈకలు అంటుకుపోయి పిట్ట వణికిపోతుంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ నేర్పలేదు. కాపురానికొచ్చిన కొత్తలో ఆముదం రాసింది, తెల్లారేసరికి పిట్ట చచ్చిపోయింది. ఆ రోజు కొండయ్య ములుగర్ర విరిగేదాకా కొట్టాడు. అప్పటి నుంచీ ఆమె తప్పు చేయలేదు.

మొన్న గంజి వార్చబోతే ముంజేయి కాలింది. గూట్లో టింక్చర్ సీసా ఉంది, మార్కాపురం పోయినప్పుడు కొండయ్య తెచ్చింది. కాస్త పూసుకోబోతే చూశాడు. "పిట్టకని తెస్తే నువ్వు పూసుకుంటే ఎట్ల? నీది మొద్దు ఒళ్లు, అదే మానతాది." నిజమే, మానుతూనే ఉంది. చీము పట్టి, పొక్కు కట్టి, చిట్లి, దానంతటదే. కడుపు ఒకసారి నిలిచి, చొప్పమోపు ఎత్తుతుంటే జారిపోయింది. ఆ పొద్దు సాయంత్రమే లేచి పొయ్యి ముట్టించింది. అప్పుడు అత్త కూడా ఇదే మాట అన్నది. మొద్దు ఒళ్లు. అంటే నొప్పి లేనిదని కాదు, నొప్పి ఉందో లేదో అడగక్కర్లేనిదని.

పిట్టకు ఈ గీతలన్నీ బుట్ట పుల్లలవే. పిలిచేది అదే. వచ్చినవి ఉచ్చుల్లో పడి కొట్టుకుంటుంటే, తల పుల్లలకేసి బాదుకునేదీ అదే.

"ఇట్ల రా, ఒక మాట," అంటూ అత్త పీట లాక్కుని కూర్చుంది. నవ్వు ముఖం పెట్టింది. ఆ ముఖం పెట్టినప్పుడే శేషమ్మకు భయం. "మీ అమ్మకు కబురు పంపినా. మీ చెల్లెలు సుబ్బుల్ని మా కొండయ్యకు అడిగినా. పెద్దది వచ్చి దాని నోటితో చెబితే ఇస్తానన్నదంట."

శేషమ్మ చేతిలో పిట్ట గుండె టపటపా కొట్టుకుంది. తనదో దానిదో తెలియలేదు.

"సుబ్బులు చిన్నపిల్ల అత్తా."

"నువ్వు వచ్చినప్పుడు ముసలిదానివా? నీకు పిల్లా జెల్లా లేదాయె. పరాయిదాన్ని తెస్తే నిన్ను ఈ గడప తొక్కనిస్తదా? సొంత చెల్లెలైతే ఇంత సంగటి ముద్ద పెడతది. నీ మంచికే చెబుతుండా." అత్త గొంతు తగ్గించింది. "ఆడికి పొయ్యి ఏడ్పు ముఖం పెట్టుకోమాక. మంచి రైక తొడుక్కో, పొడుగు చేతులది. నవ్వతా చెప్పు."

వసారాలో కొండయ్య పగలబడి నవ్వాడు. "అక్క పిలిస్తే రాదా ఏంది!"

మర్నాడు పొద్దున్నే బండి పుట్టినూరు హనుమంతునిపాడు దారి పట్టింది. శేషమ్మ దారి పొడుగునా లెక్కలు వేసుకుంటూనే ఉంది. ఊఁ అంటే తనకో మూల దొరుకుతుంది. కాదంటే ఆ గడప లేదు. నాయన పోయినాక అమ్మే కూలికి పోతోంది, ఆమె ఎన్నాళ్లు సాకుతుంది? బావిలో దూకుదామంటే, తను పోయాక సుబ్బుల్ని ఇంకా సులువుగా తెచ్చుకుంటారు. చావు కూడా అత్తకే కలిసొస్తుంది. ఆలోచనలు ఎటు పోయినా ఆ ఇంటికే చేరుతున్నాయి.

కొండయ్య అత్తారింటి అరుగు మీద చుట్ట ముట్టించుకుని కూర్చున్నాడు, లోపలి మాట వినపడేంత దూరంలో.

సుబ్బులు కాళ్లకు నీళ్లిచ్చి, అక్క మెడ చుట్టూ చేతులు వేసింది. ఒంటి మీద ఎక్కడా ఒక గీత లేని పిల్ల. "అక్కా, మీ ఇంట్లో కౌజులు మాట్లాడతాయంట గదా? నాకు పట్టుకోనిస్తావా?"

"ఏందమ్మా ఇంత చిక్కినావు?" అంది తల్లి.

"బాగుండా అమ్మా," అంది శేషమ్మ. నవ్వింది కూడా. ఆ నవ్వు అంత బాగా వచ్చినందుకు ఆమెకే ఒళ్లు జలదరించింది.

"మీ అత్త కబురు పంపింది," తల్లి చాపకొస గిల్లుతూ అంది. "నాకేం తెలుసు తల్లీ, ఆ ఇంట్లో ఉండేదానివి నువ్వు. నువ్వు మంచిదంటే ఇస్తా. నీకూ తోడుంటదని..."

బయట కొండయ్య దగ్గాడు. "ఏమే, చెప్పినావా మీ అమ్మకు?"

సుబ్బులు అక్క చేయి పట్టుకుని ఊపింది. రైక చెయ్యి రాసుకుని కాలిన పుండు చురుక్కుమంది. శేషమ్మ అబ్బా అనలేదు. అలవాటు. అలవాటుగానే పెదవులు మళ్లీ నవ్వుకు సాగుతుంటే, వాటిని ఆపడానికి ఆమె పళ్లు బిగించాల్సి వచ్చింది.

రైక చెయ్యి పైకి లాగింది. ముంజేతి మీద పుండు, ఆ పైన నల్లబడ్డ పాత చారలు. చూసి తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సుబ్బులు చెయ్యి వదిలేసి వెనక్కి జరిగింది.

"మరి నీ గతేంది శేషమ్మా?" అంది తల్లి గుసగుసగా.

శేషమ్మ లేచి వాకిలి తలుపు బార్లా తీసింది. అరుగు మీది మనిషి తల తిప్పాడు. అతని ముఖంలోకి చూస్తూనే, లోపలి వాళ్లతో, గొంతు తగ్గించకుండా చెప్పింది:

"సుబ్బుల్ని ఆ ఇంటికి ఇయ్యమాక అమ్మా. నన్నిచ్చింది చాలు."